సంధ్యా సీమ కథకుడు రాడ్ సెర్లింగ్

1959 అక్టోబరు 2వ తేదీ, శుక్రవారం రాత్రి. అమెరికాలోని ఇళ్లలో నలుపు తెలుపు టెలివిజన్ తెరలపై ఒక వింత కథ మొదలయింది. విమానదళ దుస్తులు ధరించిన ఒక యువకుడు ఒంటరిగా ఒక ఊరిలోకి నడచి వస్తాడు. హోటలులో పొయ్యి మీద కాఫీ మరుగుతూ ఉంటుంది, మనిషి మాత్రం కనిపించడు. పోలీసు ఠాణాలో బల్ల మీద వెలిగించిన చుట్ట పొగలు చిమ్ముతూ ఉంటుంది, అక్కడా మనిషి లేడు. ఊరి తలుపులన్నీ తెరచే ఉన్నాయి, ఊరిలో ప్రాణి లేదు. అందరూ ఎక్కడికి పోయారన్నదే ఆ కథ పేరు, ఆ కథలోని ప్రశ్న.

‘ట్విలైట్ జోన్’ అనే ధారావాహిక ఆ కథతో ఆరంభమయింది. ఆ పేరును మన భాషలో సంధ్యా సీమ అని చెప్పుకోవచ్చు. పగలు ముగిసి, రాత్రి ఇంకా పూర్తిగా రాని ఘడియలో తాడు పామువలె తోస్తుంది. ఆ ధారావాహిక కథాలోకం అటువంటి మసక వెలుతురు. 1964 వరకు ఐదు విడతలుగా 156 భాగాలు ప్రసారమయ్యాయి. వాటిలో 92 భాగాలను స్వయంగా రచించినవారు దాని సృష్టికర్త రాడ్ సెర్లింగ్.

గ్రహాంతరవాసులు, కాలప్రయాణాలు, మాట్లాడే యంత్రాలు నిండిన ఆ కథలను మొదటిసారి చూసేవారు వాటిని కాలక్షేపపు కల్పనలుగా భావించడం సహజం. వాటి వెనుక ఒక సైనికుని గాయం, ఒక రచయితకు జరిగిన పరాభవం ఉన్నాయి. ఆయన జీవితం తెలిసిన తరువాత అవే కథలు వేరొక తీరున కనిపిస్తాయి.

బాల్యం

రాడ్మన్ ఎడ్వర్డ్ సెర్లింగ్ 1924 డిసెంబరు 25న న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి శామ్యూల్, తల్లి ఎస్తర్. అన్న రాబర్ట్ తరువాతి కాలంలో విమానయాన విషయాలపై పేరొందిన రచయిత అయ్యారు. రాడ్ రెండేళ్ల వయసులో ఉండగా కుటుంబం బింగ్‌హామ్టన్ అనే చిన్న నగరానికి తరలి వచ్చింది. తండ్రి అక్కడ సరుకుల దుకాణం నడిపారు.

ఆ పిల్లవానికి నోరు ఊరకుండేది కాదు. ఒకసారి బింగ్‌హామ్టన్ నుంచి సిరక్యూస్‌కు కారులో వెళ్తూ, తాము బదులు పలకకుంటే ఏమవుతుందో చూద్దామని ఇంటివారంతా మౌనం వహించారట. దారి పొడవునా రాడ్ ఒక్కరే మాట్లాడుతూ వెళ్లారు గాని ఇతరులు మాట్లాడడం లేదన్న సంగతినే గమనించలేదు. చదివిన కథలను, చూసిన చిత్రాలను అన్నతో కలిసి ఇంట్లో నటించి చూపడం ఆయనకు పరమానందం. ఊరి ఉద్యానంలో గుర్రాల రంగులరాట్నం ఉండేది. ఆ రాట్నం, ఆ వేసవి సాయంకాలాలు ఆయన మనసును జీవితాంతం విడువలేదు.

యుద్ధం

1943లో ఉన్నత పాఠశాల విద్య ముగిసిన మరుసటి ఉదయమే ఆయన సైన్యంలో చేరారు. యూదులను హతమారుస్తున్న హిట్లరు సేనలతో పోరాడాలన్నది ఆయన కోరిక. సైన్యం ఆయనను పారాచూట్ దళంలో చేర్చుకొని, జపానుపై పోరుకు ఫిలిప్పీన్స్ దీవులకు పంపింది. 1944 నవంబరు నుంచి లేతే దీవి అడవులలో వానలు, బురద, ఆకలి మధ్య ఆయన దళం పోరాడింది. ఆకలితో ఉన్న సైనికులకై విమానం నుంచి జారవిడిచిన ఆహారపు పెట్టె మీద పడి, కళ్లెదుటే ఆయన మిత్రుడొకరు మరణించారు. ప్రాణం నిలపడానికి వచ్చిన తిండే ప్రాణం తీసింది. విధి ఆడే ఇటువంటి క్రూర పరిహాసం తరువాత ఆయన కథలలో పదే పదే కనిపిస్తుంది.

యుద్ధంలో మోకాలికి, మణికట్టుకు గాయాలయ్యాయి. పతకాలు వచ్చాయి. 1945లో తండ్రి గుండెపోటుతో మరణించినప్పుడు కడసారి చూపునకు వెళ్లే వీలు మాత్రం ఆయనకు కలగలేదు. యుద్ధపు పీడకలలు జీవితమంతా ఆయనను వెన్నాడాయి.

కలం పట్టిన కాలం

సైన్యం నుంచి విడుదలైన తరువాత, యుద్ధం చేసినవారికి ప్రభుత్వం కల్పించిన విద్యా సహాయంతో ఒహాయో రాష్ట్రంలోని ఆంటియోక్ కళాశాలలో చేరారు. 1948లో తోటి విద్యార్థిని కేరల్ క్రేమర్‌ను వివాహమాడారు. చదువుకుంటూ చేతి ఖర్చులకై కొత్త పారాచూట్లను దూకి పరీక్షించే ప్రమాదకరమైన పని కూడా చేశారు. 1950లో పట్టం పొంది రేడియోకు, ఆపైన టెలివిజనుకు నాటికలు వ్రాశారు. తిరిగివచ్చిన నాటికలే ఎక్కువ.

1955 జనవరిలో ప్రసారమయిన ‘పాటర్న్స్’ ఆయన దశ మార్చింది. పెద్ద కంపెనీలో వయసు మళ్లిన ఉద్యోగిని అవమానించి సాగనంపే తీరు దాని ఇతివృత్తం. ఆ రోజులలో నాటకాలను నటులు ప్రత్యక్షంగా ఆడుతుండగానే ప్రసారం చేసేవారు. ప్రేక్షకుల ఆదరణ చూసి నెల తిరగకముందే అదే నాటకాన్ని మళ్లీ ఆడించి ప్రసారం చేశారు. ఆ రచనకు ఆయన తొలి ఎమ్మీ పురస్కారం పొందారు. 1956లో ఒక వృద్ధ బాక్సరు పతనాన్ని చిత్రించిన ‘రిక్వియమ్ ఫర్ ఏ హెవీవెయిట్’ ఆ కీర్తిని స్థిరపరచింది. సైన్యంలో స్వయంగా బాక్సింగ్ ఆడి ముక్కు విరగ్గొట్టుకొన్న అనుభవం ఆ రచనకు తోడ్పడింది.

కత్తెర పడిన సత్యం

1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుని, దుకాణంలో తెల్లజాతి స్త్రీతో అమర్యాదగా ప్రవర్తించాడన్న ఆరోపణతో, ఇద్దరు తెల్లవారు ఎత్తుకుపోయి చంపారు. అందరూ తెల్లవారే ఉన్న న్యాయనిర్ణేతల మండలి నెల తిరగకుండానే వారిని నిర్దోషులుగా వదలివేసింది. ఇక శిక్ష పడదని తెలిశాక, 1956 ఆరంభంలో వారే ఒక పత్రికకు డబ్బు తీసుకొని తమ నేరాన్ని వివరించారు.

హంతకులను ఊరంతా కలిసి ఎందుకు కాపాడిందన్న ప్రశ్న సెర్లింగ్‌ను నిద్రపోనివ్వలేదు. దానిపై నాటకం వ్రాశారు. ఆనాటి టెలివిజన్ కార్యక్రమాలకు పెట్టుబడి పెట్టేవారు వస్తువులు అమ్ముకొనే ప్రాయోజకులు. దక్షిణాది రాష్ట్రాలలో తమ సరుకు అమ్ముడుపోదేమోనన్న భయంతో వారు ప్రతి పుటకూ కత్తెర వేశారు. కథాస్థలం దక్షిణాది నుంచి ఉత్తరాదికి మారింది. హతుడు నల్లజాతివాడు కాక ఏ దేశమో తెలియని పరదేశి అయ్యాడు. దక్షిణాదిని గుర్తుకు తెస్తాయని దృశ్యంలోని శీతల పానీయపు సీసాలను కూడా తొలగించారు. 1956 ఏప్రిల్‌లో ప్రసారమయిన ఆ నాటకంలో ఎమెట్ టిల్ కథ మిగలలేదు. 1958లో అదే సంఘటనను మరొక నాటకంగా వ్రాయబోతే, అది 1870ల నాటి ఎడారి పట్టణానికి, ఒక మెక్సికన్ యువకుని కథగా మారిపోయింది.

ఒక సత్యాన్ని చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ ఆయన ఓడిపోయారు. అప్పుడు ఆయనకు ఒక సంగతి బోధపడింది. అమెరికాలోని ఒక ఊరిలో మనుషులు చేసిన అన్యాయం చూపితే అడ్డు చెప్పే ప్రాయోజకులు, అదే అన్యాయం మరొక గ్రహంలోనో రాబోయే శతాబ్దంలోనో జరిగినట్లు చూపితే పట్టించుకోరు. రాజుకు నేరుగా చెప్పలేని నీతిని సింహం మీద, నక్క మీద పెట్టి చెప్పిన పంచతంత్రం మనకు కొత్త కాదు. సెర్లింగ్ అదే దారి పట్టారు. కొత్త ధారావాహిక ఆరంభానికి ముందు ఒక టెలివిజన్ ముఖాముఖిలో, ఇకపై వివాదాల జోలికి పోనన్న ధోరణిలో మాట్లాడారు. తరువాత ఐదేళ్లలో ఆయన వ్రాసినదంతా ఆ మాటకు విరుద్ధమే.

మొదటిసారి చూసేవారికి

‘ట్విలైట్ జోన్’లోని ప్రతి భాగం దేనికదే సంపూర్ణ కథ. నాలుగవ విడతలో గంట నిడివి గలవి 18 ఉన్నాయి. తక్కినవన్నీ అరగంట ప్రసారానికి తీసినవి. కనుక ఎక్కడ నుంచైనా మొదలుపెట్టవచ్చు. ముగింపులు ముందుగా తెలుసుకొంటే రుచి పోతుంది. అందువల్ల వాటిని ఇక్కడ చెప్పడం భావ్యం కాదు.

మొట్టమొదట చూడదగినది 1960 మార్చిలో ప్రసారమయిన ‘మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్’. ప్రశాంతమైన ఒక వీధిలో ఒక సాయంత్రం దీపాలు ఆరిపోతాయి, కార్లు కదలవు. గ్రహాంతరవాసులు మనుషుల రూపంలో ముందే వచ్చి ఉంటారని ఒక బాలుడు తాను చదివిన కథ చెబుతాడు. ఆ మాట చాలు. ఏళ్ల తరబడి ఇచ్చిపుచ్చుకొన్న ఇరుగుపొరుగువారు ఒకరినొకరు అనుమానిస్తారు. రాత్రి నిద్రపట్టక ఆకాశం చూసేవాడు ఒక అనుమానితుడు, మేడ కింద రేడియో పెట్టుకొన్నవాడు మరొకడు. అరగంటలో వీధి గుంపుగా మారుతుంది.

ఇది దూరదేశపు కథ అనిపిస్తే 2018 జూలైని గుర్తుచేసుకోవాలి. పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతి ఫోన్లలో పాకి, తెలంగాణ సరిహద్దున ఉన్న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాదు నుంచి మిత్రులతో వచ్చిన ఒక యువకుని గుంపు కొట్టి చంపింది. ఆ యువకులు చేసినది దారిలో కనిపించిన పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే. సెర్లింగ్ వ్రాసిన వీధి మన పొలిమేరలోనే ఉంది.

రెండవది 1961 డిసెంబరు నాటి ‘ఏ క్వాలిటీ ఆఫ్ మెర్సీ’. యుద్ధం చివరి రోజులలో ఫిలిప్పీన్స్‌లో ఒక గుహలో గాయపడి దాగిన జపాను సైనికులపై దాడికి ఒక అమెరికన్ యువ అధికారి ఉవ్విళ్లూరుతాడు. కన్ను మూసి తెరిచేలోగా అతడే జపాను అధికారిగా మారి, గుహలో గాయపడిన అమెరికన్లపై దాడికి ఆజ్ఞ అందుకొంటాడు. ఆ దీవులలో జపాను సైన్యంతో స్వయంగా పోరాడి నెత్తురు చిందించిన మనిషి శత్రువు కళ్లతో చూసి వ్రాసిన కథ ఇది.

మూడవది 1959 అక్టోబరు నాటి ‘వాకింగ్ డిస్టెన్స్’. పరుగుల ఉద్యోగంతో విసిగిన ఒక నడివయస్కుడు తన సొంత ఊరికి నడచి వెళ్లి, అక్కడ తన బాల్యాన్నీ, ఎప్పుడో మరణించిన తలిదండ్రులనూ సజీవంగా చూస్తాడు. తండ్రితో అతడు మాట్లాడే ఘట్టం ఉంది. తండ్రి కడచూపునకు నోచుకోని కుమారుడు దానిని వ్రాశాడని తెలిసి చూసేవారికి కన్ను చెమర్చక మానదు. అందులోని రంగులరాట్నం బింగ్‌హామ్టన్ ఉద్యానంలోనిదే.

ఆ పైన, ముఖానికి కట్లు కట్టిన స్త్రీ కథ ‘ఐ ఆఫ్ ది బిహోల్డర్’, పుస్తకాల పిచ్చిగల బ్యాంకు గుమాస్తా కథ ‘టైమ్ ఇనఫ్ ఎట్ లాస్ట్’ చూడవచ్చు. మరీ చిన్నపిల్లలు కొన్ని కథలకు జడుసుకోవచ్చు గనుక పెద్దలు పక్కన ఉండడం మంచిది.

లోపాలు లేవని కాదు. అట్ట గోడల గ్రహాలు నేటివారికి నవ్వు పుట్టిస్తాయి. కొన్ని కథలలో పాత్రలు మాట్లాడవలసినదానికన్న ఎక్కువ మాట్లాడతాయి. స్త్రీ పాత్రలకు తగిన చోటు తక్కువ. ఏడాదికి పదుల కొద్దీ కథలను యంత్రంలోకి చెబుతూ వ్రాయించిన తొందర కొన్నింటిలో తెలుస్తుంది. అయినా నల్లజాతి నటులకు టెలివిజన్‌లో పనివారి వేషాలే దొరికే రోజులలో, 1960 నాటి ‘ది బిగ్ టాల్ విష్’ కథలో ముఖ్యపాత్రలను వారికే ఇచ్చిన ధైర్యం కూడా ఆయనదే.

చివరి సంవత్సరాలు

ప్రేక్షకుల సంఖ్య ఎన్నడూ ఆశించినంత లేదని 1964లో ఆ ధారావాహికను నిలిపివేశారు. పెట్టిన ఖర్చు తిరిగి రాదన్న తలంపుతో సెర్లింగ్ తన వాటాను ప్రసార సంస్థకే విక్రయించారు. దశాబ్దాల పునఃప్రసారాల లాభం ఆయన కుటుంబానికి అందలేదు. 1968లో వచ్చిన ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ చిత్రానికి రచయితలలో ఒకరుగా పనిచేశారు. 1970 నుంచి 1973 వరకు సాగిన ‘నైట్ గ్యాలరీ’ ధారావాహికలో ఆయన ముఖం ఉన్నది గాని నిర్ణయాధికారం లేదు. అది ఆయనను బాధించింది. వియత్నాం యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించారు. ఇథాకా కళాశాలలో విద్యార్థులకు రచనను బోధించారు.

ప్రాయోజకుల కత్తెరను అంతగా నిరసించిన ఆయన, కథ ముగిశాక తెరపై నిలిచి సిగరెట్ల ప్రకటనలు చదివిన సందర్భాలూ ఉన్నాయి. తానే ఆ అలవాటుకు బానిస. రోజంతా ఆయన చేతిలో సిగరెట్ వెలుగుతూనే ఉండేది. 1975 వేసవిలో వరుసగా గుండెపోట్లు వచ్చాయి. శస్త్రచికిత్స జరిగిన రెండు రోజులకు, జూన్ 28న రాచెస్టర్ నగరంలో తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 50 సంవత్సరాలే. ఆయన తండ్రి మరణించినదీ గుండెజబ్బుతోనే.

ఆరు ఎమ్మీ పురస్కారాలు పొందిన ఆ రచయిత సమాధి న్యూయార్క్ రాష్ట్రంలో కయూగా సరస్సుకు సమీపాన ఒక పల్లె శ్మశానవాటికలో నిరాడంబరంగా ఉంది. బింగ్‌హామ్టన్ ఉద్యానంలో రంగులరాట్నం ఈనాటికీ పిల్లలతో తిరుగుతోంది, అక్కడి సంగీత మండపంలో ఆయన పేరు చెక్కిన ఫలకం ఉంది. ఎమెట్ టిల్ కథను ఆయన ఉద్దేశించిన రూపంలో ఆయన జీవితకాలంలో టెలివిజన్ ప్రసారం చేయలేదు. ఆ కథలో ఆయన అడగదలచిన ప్రశ్న మేపుల్ వీధిలో దీపాలు ఆరినప్పుడల్లా మళ్లీ వినిపిస్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చొని ఆ కథ చూసిన రాత్రి, పిల్లలు నిద్రపోయే ముందు ఆ ప్రశ్నను వారితో మాట్లాడుకోవడం ప్రతి ఇంటికీ మేలు.