జాన్ ఎయిట్కెన్

జాన్ ఎయిట్కెన్ (సెప్టెంబరు 18, 1839 - నవంబరు 14, 1919) గాలిలోని ధూళి కణాలను లెక్కించే పరికరాన్ని రూపొందించిన స్కాట్లాండు శాస్త్రవేత్త. ఫాల్కర్క్ పట్టణంలో జన్మించాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివాడు. అనారోగ్యం వలన ఆ వృత్తిని విడిచి ప్రయోగాలకే జీవితాన్ని వినియోగించాడు.

ధూళి లేని గాలిలో నీటి ఆవిరి పొగమంచుగా మారదని 1880 ప్రాంతంలో ప్రయోగపూర్వకంగా చూపాడు. ఫ్రాన్సుకు చెందిన కూలియె 1875లోనే దీనిని గమనించినా, ఎయిట్కెన్ స్వతంత్రంగా ఈ నిర్ణయానికి వచ్చాడు. గంధకం మండినప్పుడు వెలువడే అదృశ్య పదార్థం కూడా పొగమంచును కలిగిస్తుందని తెలిపాడు. అంటే పొగ కనబడనంత మాత్రాన గాలి శుభ్రమైనదని చెప్పలేము. ఆయన పరిశోధనలో ముఖ్యాంశం ఇదే.

1888 నాటి ఆయన పరికరంలో తేమగాలిని హఠాత్తుగా వ్యాకోచింపజేస్తారు. గాలి చల్లబడి ఒక్కొక్క కణం చుట్టూ ఒక్కొక్క నీటిబిందువు ఏర్పడుతుంది. గళ్లు గీసిన పలకపై పడిన బిందువులను భూతద్దంతో లెక్కిస్తారు. వాన కురిసేటప్పుడు ఆరుబయట ఘన సెంటీమీటరుకు 32,000 కణాలుండగా, గదిలో పైకప్పు వద్ద 54 లక్షలు తేలాయి!

సుమారు 0.1 మైక్రాను కంటె చిన్న కణాలకు ఎయిట్కెన్ కేంద్రకాలని పేరు. ఇవి ఊపిరితిత్తుల లోతుకు చేరగలవు. అయితే భారత ప్రభుత్వం 2009లో ప్రకటించిన ప్రమాణాలు కణాల బరువుకు సంబంధించినవి, సంఖ్యకు కావు. బరువు తూచితే ఈ సూక్ష్మకణాలు దాదాపు లెక్కకు రావు. బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం గల భూపాలపల్లి, కాటారం ప్రాంత విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తించాలి.

1889లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1917లో రాయల్ పతకం పొందాడు. ఆయన వ్యాసాల సంపుటిని కార్గిల్ నాట్ సంపాదకత్వంలో 1923లో ప్రచురించారు.