విద్యాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు

విద్య నర్థించువాడు ముందుగా గర్వమును విడువవలయునని పెద్దలు చెప్పుదురు. తనకంటె గొప్పవానికి శిష్యుడగుట సులభము. తనచేత ఓడిపోయినవానికి, తన మతము కానివానికి శిష్యుడై కూర్చుండుట మిక్కిలి కష్టము. అట్టి పనిని సంతోషముతో చేసిన మహనీయుడు చీనాదేశపు బౌద్ధభిక్షువు హ్యూయన్‌త్సాంగు. పదునాలుగు వందల సంవత్సరములకు పూర్వము ఆయన ఎడారులను, మంచుకొండలను దాటి, చదువుకొనుటకై మన దేశమునకు వచ్చెను.

హ్యూయన్‌త్సాంగు క్రీ.శ. 602 ప్రాంతమున లోయాంగు నగరమునకు సమీపమున జన్మించెను. నలుగురు కుమారులలో ఆయన కడపటివాడు. తండ్రి కన్ఫ్యూషియసు బోధలందు పండితుడు. ఒకనాడు తండ్రి ఎనిమిదేండ్ల కుమారునకు పితృభక్తిని గూర్చిన ప్రాచీన గ్రంథమును చెప్పుచుండెను. గురువు మాట విని ఒక శిష్యుడు ఆసనము విడిచి నిలిచెనను ఘట్టము రాగానే, బాలుడు దిగ్గున లేచి, వస్త్రములు సవరించుకొని నిలువబడెను. తండ్రి కారణ మడిగెను. గురువు మాటకు ఆ శిష్యుడు లేచినప్పుడు, తండ్రి బోధించుచుండగా తాను కూర్చుండుట తగదని బాలుడు బదులు చెప్పెను. ఈ విధముగా ఆయన తొలి విద్య కన్ఫ్యూషియసు సంప్రదాయమున సాగినది.

ఆయన రెండవ అన్న లోయాంగులోని ఒక విహారమున భిక్షువు. ఆయన తమ్ముని తెలివిని గ్రహించి, విహారమునకు తీసికొనిపోయి బౌద్ధసూత్రములను నేర్పెను. కొంతకాలమునకు, పరీక్షించి కొందరిని భిక్షువులుగా చేర్చుకొనవలయునని రాజాజ్ఞ వెలువడెను. అప్పటికి హ్యూయన్‌త్సాంగునకు పదుమూడేండ్లే. వయస్సు చాలనందున ఆయనకు పరీక్షలో ప్రవేశము లేదు. అయినను బాలుడు కదలక వాకిటనే నిలిచియుండెను. పరీక్షాధికారి చూచి, భిక్షువు కావలయునని ఏల కోరుచున్నావని అడిగెను. తథాగతుని మార్గము ననుసరించి, ఆయన విడిచిపోయిన ధర్మమును ప్రకాశింపజేయుటకని బాలుడు చెప్పెను. ఆ మాటకు అధికారి సంతోషించి, నియమమును సడలించి చేర్చుకొనెను.

618లో సూయి రాజవంశము కూలిపోయెను. దేశమంతట యుద్ధములు, కరవులు వ్యాపించెను. అన్నదమ్ములు ప్రాణములు దక్కించుకొని చాంగాన్ నగరమునకును, అచ్చటినుండి చెంగ్డూ నగరమునకును పోయిరి. 622లో హ్యూయన్‌త్సాంగు పూర్ణదీక్షను పొందెను. పిమ్మట ఊరూర తిరిగి పేరుగల గురువులందరికడ చదివెను. చదివినకొలది సందేహములు పెరిగినవి. ఒక గురువు చెప్పిన అర్థమును మరియొక గురువు కాదనుచుండెను. అనువాదములు ఒకదానితో ఒకటి పొసగకుండెను. మూలగ్రంథములను వాని జన్మభూమిలోనే చదువనిదే ఈ చిక్కు విడిపోదని ఆయన నిశ్చయించుకొనెను.

ఆ కాలమున చీనాదేశమునుండి వెలుపలికి పోవుటకు చక్రవర్తి అనుమతి కావలయును. ఆయన కోరినను అది లభింపలేదు. 629 ప్రాంతమున ఆయన రహస్యముగా బయలుదేరెను. పగలు దాగియుండి రాత్రులు నడచుచు సరిహద్దు బురుజులను సమీపించెను. తరువాత ఎదురైనది మహాభయంకరమైన ఎడారి. పక్షి లేదు, మృగము లేదు, గడ్డిపోచ లేదు. అచ్చట నీరు త్రాగబోవుచుండగా బరువైన తిత్తి చేయిజారి నీరంతయు ఇసుకలో ఇంకిపోయెను. ఆయన నిరాశతో వెనుకకు మరలి కొంతదూరము నడచెను. అంతలో, భారతదేశము చేరనిదే తూర్పుదిక్కునకు అడుగిడనని తాను చేసిన ప్రతిజ్ఞ జ్ఞప్తికి వచ్చెను. వెనుకకు పోయి బ్రతుకుటకంటె ముందుకు పోయి చచ్చుట మేలని తలంచి, మరల పడమరకు తిరిగెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు గొంతు తడుపుకొనుటకు నీటిచుక్క లేకుండ గడచినవి. కడకు ఆయన ఎక్కిన ముసలి గుఱ్ఱమే దారి మార్చి పచ్చిక గల ఒక నీటిపట్టునకు చేర్చెను.

ఎడారి కావల తుర్ఫాన్ రాజు ఆయనను గౌరవించి తన రాజ్యముననే గురువుగా ఉండుమని పట్టుబట్టెను, పోనీయనని బెదిరించెను. హ్యూయన్‌త్సాంగు అన్నపానములు మాని కూర్చుండగా, రాజు పశ్చాత్తాపపడి, దారిలోని రాజులకు లేఖలును, గుఱ్ఱములును, ధనమును ఇచ్చి పంపెను. తియాన్‌షాన్ పర్వతములందలి మంచులో ఆయన పరివారమున పలువురు మరణించిరి. ఆయన సమర్కందము, బామియాన్, గాంధారము మీదుగా కాశ్మీరమును చేరి, అచ్చట రెండేండ్లు శాస్త్రములు చదివి, 637 ప్రాంతమున మగధదేశములోని నలందా మహావిహారమును ప్రవేశించెను.

నలంద గుప్తరాజుల కాలమున వెలసినది. అందు వేలకొలది భిక్షువులు చదువుచుండిరి. ప్రవేశము కోరి వచ్చినవారిని ద్వారముకడనే పండితులు ప్రశ్నించెడివారు. పదిమంది వచ్చినచో ఏడెనిమిదిమంది ఉత్తరము చెప్పలేక వెనుకకు మరలెడివారని ఆయన వ్రాసెను. నూరింటికి పైగా గ్రామముల ఆదాయమును రాజులు విహారమునకు సమర్పించిరి. ఆ గ్రామములనుండి బియ్యము, వెన్న, పాలు దినదినము వచ్చుచుండెను. అందుచేత విద్యార్థులు కూటికై తిరుగు పనిలేక చదువునందే మనస్సు నిలుపుచుండిరి. ప్రతిదినము నూరు పీఠములమీద పాఠములు జరుగుచుండెను. బౌద్ధవిహారమైనను అచ్చట బౌద్ధశాస్త్రములు మాత్రమే నేర్పుచుండలేదు. వేదములు, హేతువిద్య, శబ్దవిద్య, చికిత్సావిద్య, సాంఖ్యము మొదలైనవియు నేర్పుచుండిరి. పరుల సిద్ధాంతమును చక్కగా నెరుగనివాడు తన సిద్ధాంతమును సయితము నిలుపుకొనజాలడని ఆ విద్యాపీఠము నమ్మెను.

మహావిహారమునకు అధిపతి శీలభద్రుడు. ఆయన అప్పటికే శతవృద్ధు. ఆయన దూరదేశపు శిష్యునకు యోగాచారభూమి శాస్త్రమును పదునైదు నెలలు చెప్పెను. హ్యూయన్‌త్సాంగు దానిని మూడుమారులు వినెను. సంస్కృత వ్యాకరణమును, బ్రాహ్మణుల గ్రంథములను గూడ చదివెను.

అయిదేండ్ల చదువు పిమ్మట ఆయన దక్షిణమునకు ప్రయాణమై ఆంధ్రదేశమునకు వచ్చెను. వేంగీపురమును చూచెను. దానికి నైరృతి దిశలో, దిఙ్నాగాచార్యుడు తర్కగ్రంథమును రచించిన కొండను దర్శించెను. ఆంధ్రుల భాష మధ్యదేశపు భాషకంటె వేరైనదనియు, లిపి మాత్రము చాలవరకు దానిని పోలియున్నదనియు వ్రాసెను. ధాన్యకటకమున పెక్కు విహారములు పాడువడియున్నను, విద్య నశింపలేదు. అచ్చట సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులు మహాసాంఘిక శాఖలో ప్రవీణులు. హ్యూయన్‌త్సాంగు మహాయాన శాఖవాడు. అయినను ఆయన కొన్ని నెలలు అచ్చటనే నిలిచి, వారికడ వారి శాస్త్రము చదివెను. వారును ఆయనకడ మహాయాన శాస్త్రములు చదివిరి. ఈ విధముగా గురువులే శిష్యులును, శిష్యులే గురువులును అయిరి.

ఆయన మరల నలందకు చేరిన పిమ్మట ఒక విచిత్రమైన సంఘటన జరిగెను. దీనిని ఆయన శిష్యుడు హుయ్‌లీ తాను వ్రాసిన జీవితచరిత్రలో వర్ణించెను. లోకాయత మతమునకు చెందిన ఒక బ్రాహ్మణుడు వచ్చి, నలుబది వాదాంశములు వ్రాసి విహారద్వారమున వ్రేలాడదీసెను. వానిలో ఒక్కదానిని ఖండించినను తన శిరస్సు నిచ్చెదనని పంతము పలికెను. కొన్ని దినముల వరకు ఎవరును ముందుకు రాలేదు. అప్పుడు హ్యూయన్‌త్సాంగు ఆ పత్రమును తీయించి, శీలభద్రుని ఎదుట వాదమునకు పూనుకొనెను. కొంతసేపటికి బ్రాహ్మణుడు నిరుత్తరుడై, పంతము ప్రకారము తన తల తీసికొనుమనెను. బుద్ధుని అనుచరులు ప్రాణహింస చేయరని చెప్పి, హ్యూయన్‌త్సాంగు ఆతనిని సేవకునిగా ఉంచుకొనెను.

కొలదికాలమునకు హ్యూయన్‌త్సాంగు మరియొక వాదమునకు సిద్ధపడవలసి వచ్చెను. మహాయానమును ఖండించుచు అన్యశాఖకు చెందిన పండితుడొకడు 700 శ్లోకముల గ్రంథము రచించియుండెను. దానిలోని కొన్ని భాగములు హ్యూయన్‌త్సాంగునకు బోధపడలేదు. ఆయన తన సేవకుని పిలిచి, ఆ గ్రంథము నెన్నడైన వింటివా యని అడిగెను. అయిదుసార్లు వింటినని ఆతడు చెప్పెను. అట్లయిన తనకు పాఠము చెప్పవలయునని ఆయన కోరెను. సేవకుడు నివ్వెరపోయెను. దాసుడనైన నేను తమకు బోధించుటెట్లని సంకోచించెను. అది పరుల శాస్త్రమనియు, తాను చదువలేదనియు, సంకోచము వలదనియు హ్యూయన్‌త్సాంగు చెప్పెను. అప్పుడా బ్రాహ్మణుడు ఒక్క మాట కోరెను. తాము సేవకునికడ చదివిరని లోకులు విన్నచో తమ కీర్తికి మచ్చ వచ్చును గావున, రాత్రి అందరును నిద్రించిన పిమ్మట పాఠము చెప్పెదననెను.

ఆ రాత్రి నలందలోని ఒక గదిలో గెలిచినవాడు శిష్యుడుగా, ఓడినవాడు గురువుగా కూర్చుండిరి. పాఠము ముగిసెను. హ్యూయన్‌త్సాంగు ఆ గ్రంథములోని లోపములను గ్రహించి, 1,600 శ్లోకములతో సమాధానము రచించెను. పిదప ఆయన బ్రాహ్మణుని పిలిచి, దాస్యమున పొందిన అవమానము చాలుననియు, ఇక తన ఇచ్చవచ్చిన చోటికి పోవచ్చుననియు చెప్పి విడిచిపెట్టెను.

ఆ బ్రాహ్మణుడు కామరూప దేశమునకు పోయి, భాస్కరవర్మ మహారాజు నెదుట తన్ను గెలిచిన భిక్షువు గుణములను కొనియాడెను. రాజు హ్యూయన్‌త్సాంగును తన కొలువునకు రప్పించుకొనెను. పిమ్మట హర్షచక్రవర్తి ఆయనను పిలిపించి, 643లో కన్యాకుబ్జమున మహాసభ జరిపి గౌరవించెను. ఆ విధముగా, ఓడిపోయినవాని నోటనే ఆయన కీర్తి దేశమున వ్యాపించెను.

645లో ఆయన 20 గుఱ్ఱములపై 657 గ్రంథములను తీసికొని చాంగాన్ నగరమునకు తిరిగివచ్చెను. దారిలో సింధునది దాటునప్పుడు కొన్ని గ్రంథములు నీటిపాలైనవి. అనుమతి లేక పోయినవానిని చక్రవర్తి క్షమించుటయే గాక, మంత్రిపదవి స్వీకరింపుమని కోరెను. హ్యూయన్‌త్సాంగు ఆ పదవిని నిరాకరించి అనువాదమునకు పూనుకొనెను. పందొమ్మిదేండ్లలో 75 గ్రంథములు, 1,335 భాగములు చీనా భాషలోనికి వచ్చినవి. వానిలో వైశేషిక దర్శనమునకు చెందిన దశపదార్థ శాస్త్రమొకటి. అది బౌద్ధగ్రంథము కాదు. దాని సంస్కృత మూలము నశించెను. ఆయన అనువాదము వలననే అది నేటికి నిలిచియున్నది. చక్రవర్తి ఆజ్ఞపై, కామరూపరాజు కోరిక తీర్చుటకు, తావో మతమునకు మూలమైన లావోత్సు గ్రంథమును ఆయన సంస్కృతమున అనువదించెను. తావో పండితులతో పదమునకు పదము వాదించి, వారి గ్రంథమున లేని అర్థమును అందు చేరనీయలేదు.

664లో ఆ మహనీయుడు మరణించెను. తరువాత కొన్ని శతాబ్దములకు నలంద నేలగూలి మట్టిదిబ్బ లయ్యెను. ఆ దిబ్బలే నలంద యని పందొమ్మిదవ శతాబ్దమున కన్నింగుహామ్ గుర్తించుటకు హ్యూయన్‌త్సాంగు వ్రాసిన యాత్రావర్ణనమే ఆధారమయ్యెను. 2016లో ఆ శిథిలములు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినవి. చదువు చెప్పిన విహారము ఋణమును శిష్యుడు ఆ విధముగా తీర్చుకొనెను.

హ్యూయన్‌త్సాంగు తుదివరకు తన ధర్మమును విడువలేదు. పరుల ధర్మమును వినక త్రోసిపుచ్చలేదు. తాను గెలిచిన మనుష్యుని ఎదుట ఆ రాత్రి శిష్యుడై కూర్చున్నందున ఆయన గౌరవము తగ్గలేదు. రాత్రివేళ మరుగున ఉంచదలచిన ఆ పాఠమునే లోకము నేటికిని చెప్పుకొనుచున్నది.