పేదల న్యాయవాది రెజినాల్డ్ హెబర్ స్మిత్

న్యాయస్థానపు తలుపులు అందరికీ తెరచియే ఉన్నవందురు. ఆ వాకిలి ఎక్కడున్నదో ఎరుగని బీదవానికి దానివలన ప్రయోజనమేమి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన మహనీయుడు రెజినాల్డ్ హెబర్ స్మిత్.

ఆయన 1889లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జన్మించారు. 1914లో హార్వర్డ్‌లో న్యాయశాస్త్ర పట్టా పొందిన వెంటనే బోస్టన్ నగరపు ఉచిత న్యాయసహాయ సంఘానికి సారథ్యం వహించారు. అచ్చటికి వచ్చినవి రావలసిన కూలి, ఇంటి అద్దె, భార్యాబిడ్డల పోషణ వంటి సివిల్ తగాదాలు. చూచువారికి అవి స్వల్పములే. ఆ సంసారాలకు మాత్రం జీవన్మరణ సమస్యలు.

ఆ అనుభవంతో ఇతర నగరాల పరిస్థితిని కూడ పరిశీలించి, 1919లో ‘జస్టిస్ అండ్ ది పూర్’ అను గ్రంథాన్ని వెలువరించారు. జాప్యం, కోర్టు ఖర్చులు, వకీలు ఫీజు అనే మూడు అడ్డుగోడలు పేదవానిని న్యాయానికి దూరం చేయుచున్నవని అందు వివరించారు. ఆ గ్రంథం అమెరికన్ న్యాయవాదుల దృష్టిని ఈ బాధ్యతవైపు మరల్చినది. 1966లో ఆయన కన్నుమూశారు.

మన దేశంలోను 1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణం, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఆ ఆశయాన్నే చాటుచున్నవి. ఆ చట్టం ప్రకారం స్త్రీలు ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచితంగా వకీలు సహాయం పొందవచ్చును. ఈ సంగతి తెలియని తల్లులు మన వీధులలో ఎందరో కలరు. చదువుకొన్న విద్యార్థి వారికి జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు దారి చూపిన, స్మిత్ ఆరంభించిన పని ఒక అడుగు ముందుకు సాగినట్లే.