గుండె చప్పుళ్ల నుంచి పిల్లల మనసు దాకా

చదివింది ఒకటి, దొరికిన ఉద్యోగం ఇంకొకటా? టెన్షన్ పడకండి. నేనూ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పడ్డవాణ్నే. ఈ వారం మీకు లియో కానర్ గురించి చెప్పాలి. ఆటిజం అనే మాట ఇవాళ మన ఊళ్లలోనూ వినిపిస్తోందంటే మొదట గుర్తు చేసుకోవాల్సిన పేర్లలో ఆయనది ఒకటి.

1894లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న ఒక పల్లెలో యూదు కుటుంబంలో పుట్టారాయన. కుర్రప్పుడు కవి అవుదామనుకున్నారు, కవితలు అచ్చేసేవాళ్లు దొరకలేదు. బెర్లిన్‌లో మెడిసిన్‌లో చేరితే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి సైన్యంలోకి లాక్కెళ్లింది. 1921లో ఎలాగో డిగ్రీ పూర్తి చేసి, షారిటే ఆసుపత్రిలో గుండె చప్పుళ్లకీ ఈసీజీకీ ఉన్న సంబంధం మీద పనిచేశారు. ఈలోగా జర్మనీలో డబ్బుకి విలువే లేకుండా పోయింది. 1924లో, పరిచయమైన ఒక అమెరికన్ డాక్టర్ సాయంతో, భార్యనీ పాపనీ తీసుకుని ఓడెక్కారు.

దొరికిన ఉద్యోగం? సౌత్ డకోటా రాష్ట్రంలో, యాంక్టన్ అనే చిన్న ఊళ్లో మానసిక ఆసుపత్రి. సైకియాట్రీలో ఆయనకి శిక్షణే లేదు! అక్కడే కూర్చుని, పుస్తకాలు తిరగేస్తూ, రోగుల్ని చూస్తూ నేర్చుకున్నారు. సిఫిలిస్ మెదడుకి పాకితే వచ్చే పక్షవాతం, పిచ్చి అమెరికన్ ఆదివాసీల్లో ఎలా ఉందో మరో డాక్టర్‌తో కలిసి పరిశీలించి 1926లో పేపర్ వేశారు. 1928లో జాన్స్ హాప్కిన్స్‌లో అడాల్ఫ్ మేయర్ దగ్గర చోటు దొరికింది. 1930లో అక్కడే పిల్లల మానసిక వైద్య విభాగం మొదలుపెట్టారు. 1935లో ఆయన రాసిన చైల్డ్ సైకియాట్రీ పుస్తకం ఆ సబ్జెక్టులో ఇంగ్లిష్‌లో వచ్చిన మొదటి పాఠ్యపుస్తకం.

నాకు బాగా నచ్చిన ఘట్టం మాత్రం వేరే. బాల్టిమోర్ దగ్గర రోజ్‌వుడ్ అనే ప్రభుత్వ సంస్థలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లని ఉంచేవారు. ఒక లాయర్ కోర్టు ఆర్డర్లతో వాళ్లని బయటికి తెచ్చి, డబ్బున్న ఇళ్లకి చవకగా పనిమనుషులుగా అప్పగించేవాడు. నచ్చకపోతే వాళ్లు రోడ్డు మీదే. కానర్, ఒక సోషల్ వర్కర్ సాయంతో అలా వెళ్లిన 166 మంది ఏమయ్యారో వెతికించి, 1937లో ఆ లెక్క అందరి ముందూ పెట్టారు. పేపర్లన్నీ దాన్ని పతాక శీర్షికల్లో వేశాయి.

మరుసటి ఏడాది మిసిసిపీ నుంచి ఒక తండ్రి 33 పేజీల ఉత్తరం టైప్ చేసి పంపాడు. అందులో ఉన్నదంతా ఐదేళ్ల కొడుకు డోనాల్డ్ గురించే. పిలిస్తే పలకడు, గుండ్రటి వస్తువులు తిప్పుతూ గంటలు గడుపుతాడు, ఒంటరిగా ఉంటేనే సంతోషం. అలాంటి 11 మంది పిల్లల్ని దగ్గరగా చూసి 1943లో కానర్ వేసిన పేపర్‌తోనే ఆటిజం విడిగా ఒక స్థితిగా నిలబడింది. సోవియట్ డాక్టర్ సుఖరేవా 1920ల్లోనే ఇలాంటి పిల్లల గురించి రాశారు, ఆ పేరు మన దాకా రాలేదంతే.

కానర్‌ని దేవుణ్ని చేసేయొద్దు. ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని ఆయన రాసిన మాటల్ని పట్టుకుని ఎంతోమంది తల్లుల్ని దోషుల్ని చేశారు. పిల్లాడు ఇలా ఉన్నది నీ వల్లేనని ఒక డాక్టర్ చెబితే ఆ అమ్మ ఎలా బతకాలి? 1969లో, పిల్లల తల్లిదండ్రుల సభలో నిలబడి, మీ తప్పేం లేదని ఆయనే ఒప్పుకున్నారు. కానీ అప్పటికి ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

1971లో, రిటైరై పన్నెండేళ్లయ్యాక, ఆ 11 మంది ఏమయ్యారో మళ్లీ వెతికారు. డోనాల్డ్‌ని తల్లిదండ్రులు కొన్నాళ్లు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. కుర్రాడికి లెక్కలంటే పిచ్చి కదా, ఆ రైతు దున్నేటప్పుడు చాళ్లు లెక్కపెట్టే పని అప్పగించాడు. ఆ పిల్లాడు తర్వాత కాలేజీ డిగ్రీ చేసి బ్యాంకులో ఉద్యోగం చేశాడు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వదిలేసిన పిల్లలు మాత్రం ఉన్న తెలివి కూడా పోగొట్టుకుని అక్కడే మిగిలిపోయారు. అదీ రాసిపెట్టి, 1981లో కానర్ కన్నుమూశారు.