తైబీరియస్: రోమ్ ఆదరించని చక్రవర్తి, తెలుగు నేల దాచిన ముఖం

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేల నిధి లభించింది. వాటిలో అధికభాగం ఆగస్టస్, తైబీరియస్ చక్రవర్తులవి. నేటి ఖరగ్‌పూర్‌కు చేరువలోని తామ్రలిప్తి కూడా ఆనాటి ప్రసిద్ధ రేవే అయినా, రోమన్ వెండి రాశులుగా బయటపడింది దక్షిణాపథంలోనే.

తైబీరియస్ క్రీ.పూ. 42లో రోమ్‌లో జన్మించాడు. తల్లి లివియా క్రీ.పూ. 38లో ఆక్టేవియన్‌ను పునర్వివాహం చేసుకుంది. అతడే అనంతరం ఆగస్టస్‌గా ప్రసిద్ధి చెందాడు. తైబీరియస్ సమర్థుడైన సేనాని. అయినా మారుతండ్రి ఆదేశానికి తలవంచి, ప్రేమించిన భార్య విప్సానియాను విడిచి, ఆగస్టస్ కుమార్తె జూలియాను వివాహమాడవలసి వచ్చింది. క్రీ.పూ. 6లో రోడ్స్ ద్వీపానికి తరలిపోయాడు. వారసులుగా ఎంచిన మనుమలు గాయస్, లూసియస్‌లను ఆగస్టస్ డాళ్లు, ఈటెలతో సహా నాణేలపై ముద్రింపజేశాడు. వారిద్దరూ అకాలమరణం చెందడంతో క్రీ.శ. 4లో తైబీరియస్‌ను దత్తత చేసుకున్నాడు. క్రీ.శ. 14లో తైబీరియస్ చక్రవర్తి అయ్యాడు.

అతడి వెండి నాణెంపై ఒకవైపు ఆకుల కిరీటం ధరించిన శిరస్సు, రెండోవైపు కొమ్మ, దండం చేబూని ఆసీనురాలైన స్త్రీ కనిపిస్తారు. ఆమెను లివియాగా పలువురు పండితులు గుర్తిస్తారు. స్త్రీల రత్నాభరణాల కోసం రోమన్ ధనం పరదేశాలకు తరలిపోతోందని క్రీ.శ. 22లో సెనేట్‌కు రాసిన లేఖలో అతడు ఆవేదన చెందాడు. అతడి ముఖాన్ని ధరించిన వెండే ఆ విధంగా భారతదేశానికి చేరడం విశేషం. క్రీ.శ. 64లో నీరో నాణేల్లో వెండి పాలు తగ్గించాడు. అందువల్ల పాత నాణేలకే వర్తకుల వద్ద విలువ నిలిచింది.

అక్కనపల్లి నాణేల్లో అనేకం చక్రవర్తి ముఖంపై ఉలిగాట్లు కలిగి ఉన్నాయి. లోపల వెండి ఉందో లేదో పరీక్షించడానికని కొందరు, పరాయి ప్రభువు ముద్రను రద్దు చేయడానికని మరికొందరు భావిస్తారు. మరోవైపు, కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలను అనుకరించిన మట్టి బిళ్లలు లభించాయి. అటువంటి బిళ్లలను ఆభరణాలుగా ధరించేవారు.

క్రీ.శ. 26లో రోమ్‌ను వీడిన తైబీరియస్ కాప్రీ ద్వీపంలో స్థిరపడి, తిరిగి నగరంలో అడుగుపెట్టలేదు. క్రీ.శ. 37లో మరణించాడు. ఆగస్టస్‌కు ఇచ్చిన దైవత్వాన్ని సెనేట్ అతడికి ఇవ్వలేదు. అతడు ఎన్నడూ చూడని నేలలో మాత్రం, గాట్లు పడిన ఆ ముఖం దాదాపు రెండువేల ఏళ్లు భద్రంగా మిగిలింది.