దారం మర్మం తెలిసిన జాన్ మెర్సర్

గుడ్డ కొనేటప్పుడు నేతను వేళ్లతో నలిపి చూస్తాము; వెలుతురుకు పట్టి చూస్తాము. దారం దగ్గరకు వచ్చేసరికి రంగు కలిస్తే చాలుననుకొంటాము. గుడ్డ గట్టిగా ఉండగానే కుట్లు విడిపోయిననాడు గాని దారం విలువ మనకు తెలియదు. మేలైన నూలు దారపు రీళ్లమీద మెర్సరైజ్డ్ అనే మాట కనిపిస్తుంది. ఆ మాట ఒక మనిషి పేరునుండి పుట్టినది.

జాన్ మెర్సర్ 1791 ఫిబ్రవరి 21న ఇంగ్లండులోని లాంకషైర్ సీమలో, గ్రేట్ హార్వుడ్ అనే ఊరిలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రి గతించాడు. తొమ్మిదవ యేట కండెలకు నూలు చుట్టే పనిలో కుదిరాడు. బడి చదువుకు నోచుకోని ఆ బాలునికి, అద్దకపు నమూనాలు గీసే ఒకాయన అక్షరాలు దిద్దించాడు. పెరిగి పెద్దవాడై చేమగ్గం నేస్తూనే రంగులు కలపడం తనంత తానుగా నేర్చుకొన్నాడు. పెండ్లి అనుమతిపత్రం కోసం బ్లాక్‌బర్న్ పట్టణానికి వెళ్లినప్పుడు, పాత పుస్తకాలలో జేమ్స్ పార్కిన్‌సన్ రచించిన చిన్న రసాయనశాస్త్ర గ్రంథం అతని కంటబడింది. వణుకు వ్యాధికి పేరు మిగిల్చిన వైద్యుడే ఈ పార్కిన్‌సన్. ఆ పుస్తకమే మెర్సర్‌కు కళాశాల అయినది. 1818లో ఓకెన్‌షా అద్దకపు కర్మాగారంలో రసాయనజ్ఞుడుగా చేరి, 1825లో అందులో భాగస్వామి అయ్యాడు.

1844లో గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణాన్ని నూలుగుడ్డతో వడగట్టగా, ఆ గుడ్డ ముడుచుకొని దళసరి అయినది. మరొకరైతే పారవేసేవారే. చిన్ననాటినుండి నూలుతో బ్రదికినవాడు గనుక మెర్సర్ దానిని పరీక్షించాడు. పోగు బలం పెరిగినది. రంగు మరింత చిక్కగా పట్టినది. నాడావలె చదునుగా మెలితిరిగి ఉండే దూదిపోచ సోడాలో ఉబ్బి గుండ్రబడడమే ఇందుకు కారణం.

1850లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. 1852లో రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా ఎన్నుకొన్నది. కాని సోడా ఖరీదైనది. గుడ్డ అయిదవ వంతుకు పైగా కుంచించుకొనిపోయేది. వర్తకులు ముందుకు రాలేదు. 1866 నవంబరు 30న మెర్సర్ కన్నుమూసేనాటికి అతని పద్ధతి మూలబడియే ఉన్నది. 1890లో హొరేస్ లో అనే ఆంగ్లేయుడు నూలును బిగలాగి పట్టి సోడాలో ముంచాడు. ముడుత తప్పినది, పట్టును తలపించే నిగనిగ వచ్చినది. అప్పటినుండి మెర్సర్ పేరు ఇంటింటి కుట్టుపెట్టెలో చేరినది.

నేడు పాలియెస్టర్ దారం విరివిగా వచ్చినది. అయినను నూలుగుడ్డకు మెర్సరైజ్డ్ నూలుదారమే తగిన జోడు. బనీనువలె సాగే బట్టకు అది తగదు, సాగలేక తెగుతుంది. సన్నని గుడ్డకు సన్నని దారం కావాలి. నూలుదారంలో అంకె పెరిగినకొద్దీ దారం సన్నమని గుర్తుంచుకోవాలి. గుడ్డకంటె దారం మరీ బలిష్ఠమైతే, కుట్టు నిలిచి గుడ్డయే చిరుగుతుంది. తెగిన కుట్టును తిరిగి కుట్టుకోవచ్చును. చిరిగిన గుడ్డను తిరిగి నేయలేము గదా!

కుట్టుపని నేర్పే ఉపాధ్యాయులు దారపు రీలు చేతికిచ్చేటప్పుడు, కండెలు చుట్టిన ఆ తొమ్మిదేండ్ల బాలుని కథ కూడ పిల్లలకు చెప్పవలెను.