పింగళి నాగేంద్రరావుగారు: కాశీమజిలీల నుండి వెండితెరకు

ఇంటిలో తెలుగు, కచేరిలో కన్నడము, పట్టుగూళ్ళ మార్కెట్టులో ఆ రెండింటితోపాటు ఉరుదూ కూడ వినవచ్చు ఊరు మన శిడ్లఘట్ట. ఇచటనే కాదు, చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురములలో ఎచటికి పోయినను, తోటరాముని కథ తెలియని తెలుగు ముసలివారు కానరారు. పాతాళభైరవి చిత్రమును ఒక్కసారియైన చూడనివారు వారిలో అరుదు. అయినను ఆ కథకు మూలము ఒక పుస్తకములో ఉన్నదని ఎరిగినవారు కొలదిమంది. పుస్తకమునకును తెరకును నడుమ కూర్చుండి మాటలు వ్రాసిన మనుష్యుని ఎరిగినవారు ఇంకను కొలదిమంది. ఆయనయే పింగళి నాగేంద్రరావుగారు.

నాగేంద్రరావుగారు 1901 డిసెంబరు 29వ తేదీన నేటి విజయనగరం జిల్లాలోని రాజాం గ్రామములో జన్మించిరి. ఆయన పుట్టిన కొన్ని నెలలకే, 1902లో, ఫ్రాన్సు దేశమున జార్జి మెలియే అను ఇంద్రజాలికుడు చంద్రలోకయాత్రను చలనచిత్రముగా తీసెను. జూల్స్ వెర్న్ 1865లోను, హెచ్. జి. వెల్స్ 1901లోను ప్రకటించిన నవలలు ఆ చిత్రమునకు ప్రేరణలు. అద్భుతకథను పుస్తకములో నుండి తెరపైకి ఎత్తుట అనెడి విద్యకును, మన నాగేంద్రరావుగారికిని వయస్సు ఇంచుమించు ఒక్కటేయని చెప్పవచ్చును.

బాల్యము గడచినది బందరులో. అచటి ఆంధ్ర జాతీయ కళాశాలలో ఆయన యంత్రవిద్య నేర్చిరి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు కలిసి నెలకొల్పిన విద్యాలయము అది. పుస్తకవిద్యతోపాటు చేతిపనులు కూడ నేర్పుట దాని ఆశయము. చదువు ముగిసిన పిమ్మట నాగేంద్రరావుగారు ఖరగపురమునకు పోయి బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగమున చేరిరి.

ఖరగపురము బెంగాలు దేశమున ఉన్నను రైల్వే పనుల మూలమున తెలుగువారు నాడును, నేడును అధికముగా వసించు ఊరు. ఇంటి భాష ఒకటి, ఊరి భాష వేరొకటి యగుట ఎట్టిదో మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. కైవార నారాయణ తాతయ్యగారు తెలుగున, కన్నడమున కూడ రచించిన సీమ మనది. నాగేంద్రరావుగారును పరభాషను చూచి బెదరినవారు కారు. బెంగాలీ నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్‌పై ఆయనకు మక్కువ మెండు. రాయ్ రచించిన మేవాడ పతనము నాటకమును ఆయన తెలుగు చేసిరి. పొరుగువారి యింట మంచి వస్తువు కనబడినచో దానిని మన యింటికి తగినట్లు మలచుకొనుట అనెడి పనితనము ఆయనకు ఆ నాటకములతోనే అలవడినది. ముందు ముందు షేక్స్పియరు పట్లను, అరబ్బీకథల పట్లను ఆయన చేసినది ఈ పనియే.

రైల్వే ఉద్యోగము నెలజీతము తెచ్చునది. దానిని విడిచి వ్రాతపనికి దిగుట ఆ రోజులలో పెద్దలు మెచ్చు సంగతి కాదు. నాగేంద్రరావుగారు దానిని విడిచి బందరు చేరి, ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున నడచుచున్న కృష్ణాపత్రికలో ఉపసంపాదకులైరి. జేబున్నీసా మొదలగు నాటకములు వ్రాసిరి. బందరులోనే డి. వి. సుబ్బారావుగారి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీ వారికి నాటకరచయితగా పనిచేసిరి. ఆయన వింధ్యరాణి నాటకము ఆంధ్రదేశమంతట ఆడినది. నాటకశాలలో చిట్టచివర చాపపై కూర్చున్నవానికి మాట వినబడవలెను, విన్నవెంటనే అర్థము కావలెను, నవ్వు రావలసినచోట నవ్వు రావలెను. కానిచో కంపెనీకి డబ్బు రాదు. నాగేంద్రరావుగారి సంభాషణలలోని పొట్టి వాక్యములకు, తూకమునకు ఈ చాపపైని ప్రేక్షకుడే గురువని నా అభిప్రాయము.

సినిమా ఆయనను త్వరగా ఆదరించలేదు. 1941 ప్రాంతమున భలేపెళ్ళి చిత్రమునకు వ్రాసిరి. పిమ్మట ఏడేండ్ల ఎడము. 1948లో వింధ్యరాణి తెరకెక్కినది. తాడిపత్రివారైన కె. వి. రెడ్డిగారితో కలిసి 1949లో గుణసుందరికథకు పనిచేయునాటికి నాగేంద్రరావుగారి వయస్సు నలువదియేడు. బాగేపల్లి దాటి ఉత్తరముగా పోయినచో వచ్చు అనంతపురము జిల్లాలోని ఊరే తాడిపత్రి. అందుచే దర్శకుడు మనకు పొరుగువాడనియే చెప్పుకొనవచ్చును.

గుణసుందరికథకు బీజము షేక్స్పియరు రచించిన లియర్ రాజు నాటకము. ముగ్గురు కుమార్తెలలో పొగడ్త నేర్వని చిన్నదానిని తండ్రి త్రోసివేయుట అందలి మూలకథ. నాగేంద్రరావుగారు, కె. వి. రెడ్డిగారు ఈ కథను మన అమ్మమ్మలు చెప్పు రాజకుమార్తె కథగా, మహిమలతోను మణులతోను నింపి మార్చివేసిరి. షేక్స్పియరు రాజు గుండె పగిలి మరణించును. మన రాజు సుఖపడును. దీనివలన కథ బరువు కొంత తగ్గినదని ఒప్పుకొనక తప్పదు. కాని ఇంటిల్లిపాది బండ్లు కట్టుకొని పోయి చూచు చిత్రమునకు ఆ ముగింపు నప్పినది.

ఇక పాతాళభైరవి.

దీనికి మూలమైన కాశీమజిలీ కథలను రచించినవారు మధిర సుబ్బన్న దీక్షితకవిగారు. ఆయన గోదావరీతీరమునకు చెందినవారు. 1868లో జన్మించి 1928లో స్వర్గస్థులైరి. పన్నెండు భాగముల గ్రంథమది. కాశికి కాలినడకన పోవు కాలములో ప్రయాణము నెలల తరబడి సాగెడిది. సాయంకాలమునకు చేరి వంట చేసికొని పరుండు చోటు మజిలీ. మణిసిద్ధుడను ఆయన కాశికి పోగోరి, తోడు దొరకక, ఒక గొల్లపిల్లవానిని వెంటబెట్టుకొనును. ఆ పిల్లవాడు గడుసువాడు. త్రోవలో తాను చూచిన ప్రతి వింతకును కారణకథ చెప్పవలెననియు, చెప్పనిచో వెనుకకు మరలుదుననియు షరతు పెట్టును. ఇట్లు మజిలీకొక కథ, కథలోపల కథ, ఆ కథలోపల ఇంకొక కథ. ఒక పుట తెరచినవాడు దీపము ఆర్పుట మరచును.

దీక్షితకవిగారి భాష గ్రాంథికము, సమాసములు దీర్ఘములు. తెలుగు నోట ఆడుచున్నను అక్షరము చేజారుచున్న పిల్లలు మన యిండ్లలో ఉన్నారు. వారిలో ఎనిమిదవ తరగతివానికి ఈ గ్రంథమునిచ్చినచో మొదటి పుటలోనే తడబడును. తల్లిదండ్రులు దీనిచే నిరుత్సాహపడనక్కరలేదు. ఒక పెద్ద చదువగా పిల్లలు వినుట మొదట జరిగెనేని, పదవ మజిలీ నాటికి పిల్లవాడే పుస్తకమును లాగుకొనును. అసలు ఆ గ్రంథము కూర్పే అట్టిది కదా, ఒకరు చెప్పుట, ఒకరు వినుట.

విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణిగార్లు కె. వి. రెడ్డిగారిని చిత్రము తీయుమని కోరినప్పుడు ఈ మజిలీలలోని ఒక కథ ఎన్నికైనది. మన పిల్లలకు తెలుగున, కన్నడమున కూడ చందమామ పత్రికను అందించినవారు ఈ నాగిరెడ్డి, చక్రపాణిగార్లే. కథ ఎన్నికైన పిమ్మట నాగేంద్రరావుగారు దానికి అల్లావుద్దీను అద్భుతదీపము కథను జతచేసిరి. పేదపిల్లవానిని మాయమాటలతో భూగర్భమునకు కొనిపోవు మాంత్రికుడు, కోరినది ఇచ్చు వస్తువు, ఆ వస్తువును అపహరించి రాకుమారితోసహా మేడను ఎగురవేసుకొనిపోవుట, ఇవన్నియు అల్లావుద్దీను కథలోనివే. ఆ కథ చరిత్రయు విచిత్రమైనది. అరబ్బీ వేయిన్నొక్క రాత్రుల ప్రాచీన ప్రతులలో అది లేదు. సిరియా దేశస్థుడైన హన్నా దియాబ్ నోటినుండి విని, ఫ్రెంచి పండితుడు గాలాన్ 18వ శతాబ్ది ఆరంభమున తన గ్రంథములో చేర్చెను. నోటినుండి పుస్తకమునకు, పుస్తకమునుండి బందరు రచయిత చేతికి, అతని చేతినుండి మదరాసులోని తెరకు వచ్చిన కథ అన్నమాట.

గూడునుండి దారము తీయువారిని చూచినవారికి ఒక సంగతి తెలియును. ఒక్క గూటి పోగుతో దారము నిలువదు. కొన్ని గూళ్ళ పోగులు కలిపి లాగవలెను. కలిపినచోటు కంటికి కనబడరాదు. పాతాళభైరవిలో కలిపినచోటు కనబడదు. అల్లావుద్దీను దీపమునకు బదులు పాతాళభైరవి ప్రతిమ వచ్చినది. దీపపు భూతము తాను ఎవని చేత చిక్కినను వానికి దాసుడు. ఈ దేవత నరబలి కోరునది. కాబట్టి మాంత్రికుడు రాముని కొనిపోవుటకు భయంకరమైన కారణము ఏర్పడినది. కొలనులో మొసలిని చంపగా అది శాపము తీరి అప్సరసయై మాంత్రికుని కపటమును చెప్పుట వలన, బలి కావలసినవాడు బలి యిచ్చువాడయ్యెను. ఒక ముడి వేయుట, అది విప్పుటకు వేరొకటి వేయుట, ఈ పని ఆయనకు కరతలామలకము. ఒక్క లోపము చెప్పవలెను. మాంత్రికునికి నేపాళ దేశమును అంటగట్టుట ఆ దేశస్థులకు న్యాయము కాదు. పరదేశపువానిని మాయావి యనుట పాత కథల అలవాటు. దానిని ఆయన సరిదిద్దలేదు.

పాతాళభైరవి 1951 మార్చి 15న విడుదలయ్యెను. రామునిగా నందమూరి తారక రామారావుగారు, మాంత్రికునిగా ఎస్. వి. రంగారావుగారు నటించిరి. గోఖలే, కళాధర్ గార్లు కళను, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమును, ఘంటసాల సంగీతమును నిర్వహించిరి. 1952లో మనదేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో ఈ చిత్రమును ప్రదర్శించిరి. దీక్షితకవిగారు దీనిని చూడలేదు. మొదటి తెలుగు మాటల చిత్రము భక్తప్రహ్లాద వచ్చినదే 1932లో, అనగా ఆయన పోయిన నాలుగేండ్లకు.

నాగేంద్రరావుగారి ప్రతిభకు పట్టుగొమ్మ 1957లో వచ్చిన మాయాబజార్. శశిరేఖాపరిణయకథ వ్యాసభారతమున లేదు. నాటకములలోను, జనుల నోళ్ళలోను పెరిగిన కథ అది. 1936లోనే ఒకసారి తెరకెక్కినది. తెలిసిన కథనే మరల చెప్పుటకు ఆయన క్రొత్త వింతలు కల్పించిరి. తెరచి చూచువారికి తమ ప్రియమైనవారిని దూరమునుండియే చూపు ప్రియదర్శిని పెట్టె ఒకటి. ఎక్కినవానిచే మనసులోని నిజము చెప్పించు సత్యపీఠము మరియొకటి. శాస్త్రకల్పనలు వ్రాయు పాశ్చాత్యులు యంత్రమనునట్టి దానిని ఈయన మహిమ యనిరి, అంతే భేదము. యంత్రవిద్య చదివినవాని ఊహయని ఆ పెట్టెను చూచినప్పుడెల్ల నాకు తోచును. పాండవుల పక్షపు కథయైనను పాండవులు ఒక్కరును తెరపై కానరాకుండుట ఇంకొక చమత్కారము.

మాటలను పుట్టించుటలో ఆయన జంకలేదు. వీరతాడు, అసమదీయులు, తసమదీయులు, గింబళి, పాతాళభైరవిలోని డింగరి మొదలగునవి ఆయన చిత్రముల మూలమున ఇంటింట ఆడిన మాటలు. అస్మదీయ శబ్దము సంస్కృతమునుండి వచ్చినది. తస్మదీయ మనునది ఏ వ్యాకరణమునకును లొంగదు. పండితులు నవ్విరో, కోపించిరో కాని, పిల్లలు మాత్రము ఆటలలో పక్షములు పంచుకొనుటకు వెంటనే వాడుకొనిరి. ఎవరో ఒకరు కల్పింపనిచో భాషకు క్రొత్త మాట ఎట్లు వచ్చునను తర్కమును ఆయన ఆ చిత్రములోనే ఘటోత్కచుని నోట పెట్టి విమర్శకులకు ముందుగనే సమాధానము చెప్పుకొనిరి.

మిస్సమ్మ, అప్పుచేసి పప్పుకూడు, జగదేకవీరునికథ, శ్రీకృష్ణార్జున యుద్ధము మొదలగు చిత్రములలోను ఆయన కలము పనిచేసినది. వానిని గూర్చి వేరుగా వ్రాయవలెను. నాగేంద్రరావుగారు వివాహము చేసికొనలేదు. 1971 మే నెలలో మరణించిరి. మరుసటి యేడు కె. వి. రెడ్డిగారును పోయిరి.

2010లో మాయాబజార్‌ను రంగులు వేసి మరల విడుదల చేసిరి. మా యింట ఆ చిత్రమును చూచుచుండగా, శశిరేఖ ప్రియదర్శిని తెరచినచోట నేను ప్రక్కనున్న చిన్నపిల్లవైపు చూచితిని. దుబాయిలోనున్న తండ్రితో ప్రతి రాత్రి ఫోనులో ముఖము చూచి మాటలాడు పిల్ల అది. పెట్టెను చూచి దానికి ఆశ్చర్యము కలుగలేదు. ఘటోత్కచుడు లడ్డూలు మ్రింగుటకు మాత్రము పకపక నవ్వి, ఆ కథ ఏ పుస్తకములో ఉన్నదని అడిగినది.